అన్నిటికన్నా గుండ్రటి రాయి

పిల్లలు కళ్లు మూసుకున్నంతసేపూ టీచరు కూడా మూసుకోవాలన్నది మణీవన్ తనకు తానే పెట్టుకున్న నియమం. కళ్లు తెరుచుకుని కాపలా కాస్తే అది ధ్యానం అనిపించుకోదు, పరీక్ష హాలు అవుతుందని ఆమె వాదం. మూడు నెలలుగా ఆ నియమం తప్పలేదు. ఆ సోమవారం పొద్దున మాత్రం వెనక వరసలో ఎవరో తెరలు తెరలుగా దగ్గుతుంటే, ఎవరా అని ఒక్కసారి రెప్పలెత్తింది.

దగ్గుతున్నది ఎవరో ఆమె చూడనే లేదు. చూపు మొదటి వరసలోనే ఆగిపోయింది. అక్కడ ఎర్ర మెత్త మీద, కళ్లు బిగించి మూసుకుని, ఆరేళ్ల పాన్యా బాసింపట్టు వేసుకు కూర్చుని ఉంది. ఒళ్లో దోసిలి. దోసిట్లో జామకాయంత గుండ్రటిది. పొద్దున తెచ్చినప్పుడు దాని నిండా తడి ఎర్రమట్టి ఉంది. పిల్ల అరచేతుల వెచ్చదనానికి ఆ మట్టి ఆరి, పెచ్చులుగా ఊడి లంగా మీద రాలింది. ఊడినచోట బూడిదరంగు ఇనుమూ, దాని నడుం చుట్టూ సన్నటి పట్టీ కనిపిస్తున్నాయి.

బొంబీ.

లావో దేశపు ఆ పీఠభూమిలో ఆ మాటకి అర్థం అడిగేవాళ్లు లేరు. తాతల కాలం యుద్ధంలో విమానాలు వానలా కుమ్మరించి పోయిన చిన్న బాంబులు. చాలామటుకు అప్పుడే పేలాయి. పేలనివి మట్టిలో అలాగే ఉండిపోయాయి, ఎప్పుడో ఒక పార దెబ్బకో పొయ్యి సెగకో లేచి పేలడానికి. కొన్నిటిని గేదె తొక్కినా లేవవు. కొన్ని ముట్టుకుంటే లేస్తాయి. ఏది ఎలాంటిదో పైకి చూసి చెప్పగలిగిన మొనగాడు లేడు. మణీవన్ మేనమామ ముప్పై ఏళ్లుగా ఎడమచేత్తోనే జిగురన్నం ముద్ద చేసుకుంటున్నాడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయింది. ఆయన అప్పుడు ఆరుబయట ఉన్నాడు, ఒక్కడే ఉన్నాడు. ఇది నాలుగు గోడల గది. ఇందులో ఇరవై ఏడుగురు పిల్లలున్నారు.

అరిచేదే. గొంతులోంచి అరుపు సగం దూరం వచ్చేసింది కూడా. పళ్లు బిగించి దాన్ని మింగింది. అరిస్తే పాన్యా ఉలిక్కిపడుతుంది. ఉలిక్కిపడితే ఆ చేతులు విడిపోతాయి.

గోడ గడియారం ఎనిమిదీ పంతొమ్మిది చూపిస్తోంది. ఎనిమిదిన్నరకి పెద్ద మేస్టారు గంట కొడతాడు. అది గంటంటే గంట కాదు, ఖాళీ అయిన పెద్ద బాంబు డొల్ల. బడి ముందు దుంగకి వేలాడదీసి ఇనపకడ్డీతో బాదుతారు. దాని మోతకి రేకు కప్పంతా జుమ్మంటుంది. ఆ మోత వినగానే పిల్లలందరూ ఒక్క గంతులో లేచి బంతి కోసం తలుపు దగ్గర కుమ్ముకుంటారు. రోజూ జరిగే తంతే అది. పాన్యా కూడా లేస్తుంది, అందరిలాగే.

పదకొండు నిమిషాలున్నాయి.

ఆ పదకొండు నిమిషాల్లో మొదటిదాన్ని మణీవన్ వృథా చేసింది. కదలలేకపోయింది, అంతే. ఈ కూర్చోవడం తెచ్చింది నువ్వే, రాయి తెమ్మంది నువ్వే అని బుర్రలో ఒకటే రొద.

అబద్ధమూ కాదు. ఈ కూర్చోవడం అనే సంగతి ఆమె రాజధానిలో శిక్షణకి వెళ్లినప్పుడు నేర్చుకొచ్చింది. పొద్దున్నే ఇరవై నిమిషాలు పిల్లల్ని నిశ్శబ్దంగా కూర్చోబెట్టండి, అరచేతిలో ఒక రాయి ఉంచండి, దాని బరువు మీదా చల్లదనం మీదా మనసు నిలుస్తుంది అని అక్కడి గురువు చెప్పాడు. ఆయన రాజధాని మనిషి, ఈ మట్టిలో ఎన్నడూ పలుగు దించినవాడు కాదు. కానీ మణీవన్ ఇక్కడి పిల్లే కదా. ఆమె దానికి సొంత తెలివి కూడా జోడించింది. ప్రతి సోమవారం ఎవరు అన్నిటికన్నా గుండ్రటి రాయి తెస్తే వాళ్లకి ఆ వారమంతా ముందు వరసలో ఎర్ర మెత్త. పిల్లలు ఎగబడ్డారు. ఇక్కడి రాళ్లు పలకలుగా, మొనలు దేరి ఉంటాయి. ఏరు రెండు కొండల అవతల. ఈ నేలలో నిజంగా గుండ్రంగా ఉండేది ఒకటే, అది ఈ నేలలో పుట్టింది కాదు. ఈ ముక్క ఊళ్లో పళ్లూడిన ముసలాడికి కూడా తెలుసు. ఆమెకి తట్టలేదు.

పాన్యా బడికొచ్చి మూడు వారాలే అయింది. పై కొండ మీది మోంగ్ తెగవాళ్ల గూడెం నుంచి నాయనమ్మతో దిగివచ్చిన పిల్ల. లావో మాటలు ఇంకా ముక్కలు ముక్కలుగానే వచ్చు. గోడమీది బొంబీల బొమ్మలు, ముట్టుకోవద్దని రాసిన ఎర్ర అక్షరాలు ఆ పిల్లకి ఇంకా బొమ్మలే. మొదటి వారం తెచ్చిన రాయి అల్లంకొమ్ములా వంకరగా ఉందని అందరూ నవ్వారు. మణీవన్ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. ఈ పొద్దున మంచులో, చీకటి గదిలో, పాన్యా చొక్కా కింద పొట్ట దగ్గర దాచి తెచ్చినదాన్ని బయటికి తీసి చూపించింది. మణీవన్ చూసీ చూడకుండా "అబ్బో, ఇదే అన్నిటికన్నా గుండ్రం" అని తల నిమిరి ఎర్ర మెత్త చూపించింది. తన నోటితోనే అంది ఆ మాట. ఇప్పుడు గోడ పలకల సందుల్లోంచి ఎండ పడితే గానీ కనపడలేదు.

ఎనిమిదీ ఇరవై. ఆమె లేచింది.

బడి గది గుంజల మీద ఉంది, నేల చెక్కపలకలది. ఎవరైనా గట్టిగా అడుగేస్తే పక్కవాడి కిందిదాకా ఊగుతుంది. మణీవన్ చెప్పులు వదిలి, పలక పలకా ఏరుకుని అడుగేసుకుంటూ తలుపు పక్కన కూర్చున్న చాన్‌ఫెంగ్ దగ్గరికి వెళ్లింది. తరగతి నాయకురాలు, ఎనిమిదేళ్లది, వయసుకి మించిన పెద్దరికం. భుజం మీద చెయ్యేసి చెవిలో చెప్పింది:

"గంట కొట్టనియ్యకు. మేస్టారితో బొంబీ అని చెప్పు, బొంబీలు ఏరేవాళ్లకి ఫోన్ చెయ్యమను. మెట్లు దిగేదాకా నడువు. దిగాక పరిగెత్తు."

చాన్‌ఫెంగ్ కళ్లు తెరిచి గదంతా చూసింది. చూపు ఎర్ర మెత్త మీద ఆగింది. నోరు తెరుచుకుంది. మణీవన్ ఆ నోటి మీద అరచెయ్యి పెట్టింది. తర్వాత ఆ పిల్ల తల ఊపి, లేచి, అడుగులో అడుగేసుకుంటూ తలుపు దాటింది. వెళ్లినచోట పలకల మీద తడి చుక్కలు వరసగా పడి ఉన్నాయి. భయానికి లంగా తడిసిపోయింది, అయినా అడుగు మాత్రం తడబడలేదు.

ఇక మిగతా ఇరవై ఐదుమంది. వాళ్లని ఎలా లేపాలో ఆమెకి తెలుసు, ఆ ఒక్కటీ తెలుసు. శుక్రవారాల్లో కూర్చోవడం అయ్యాక నడక ఉంటుంది. భుజం తట్టగానే లేవాలి, మాట్లాడకూడదు, ముందున్నవాడి మడమలే చూస్తూ, పాదం ఎత్తి, జరిపి, ఆనించి నడవాలి. పిల్లలు దాన్ని కొంగ నడక అంటారు. పెద్ద మేస్టారు బున్తియెంగ్‌కి అది పెద్ద వేళాకోళం. మా ఇంట్లో కోడి కూడా రోజూ నీ పిల్లల్లాగే కళ్లు మూసుకు కూచుంటుందమ్మా, అది కనీసం పొదిగి లేస్తుంది, వీళ్లు కూచుని కూచుని కొంగలవుతున్నారు అనేవాడు.

వెనక వరస నుంచి మొదలుపెట్టింది. భుజం మీద రెండు వేళ్లు. ఒక్కొక్కరే లేచారు. మామూలుగా శుక్రవారం కదా అని ఒకడు మొహం ప్రశ్నార్థకంగా పెట్టాడు, ఆమె మొహం చూసి వరసలో కలిసిపోయాడు. వెనక తలుపులోంచి వరసగా బయటికి, మెట్లు దిగి, కోసేసిన వరిమళ్ల గట్టు అవతలికి. ఐదుగురు. తొమ్మిదిమంది. పద్నాలుగు. ప్రతి అడుగుకీ పలకలు సన్నగా మూలుగుతుంటే, ప్రతి మూలుగుకీ మణీవన్ చూపు పాన్యా వేళ్ల మీదికి పోయేది.

పదిహేడోవాడు లేస్తూ తన రాయిని జారవిడిచాడు.

టక్. రాయి పలక మీద పడి, దొర్లుకుంటూ ముందుకు పోయి, ఎర్ర మెత్త అంచుకి తగిలి ఆగింది. పాన్యా భుజాలు ఒక్కసారి ఎగిసిపడ్డాయి. దోసిలి కదిలింది. దానిమీది మట్టి పెచ్చు ఒకటి ఊడి ఒళ్లో పడింది. ఇప్పుడు, ఇప్పుడే అనుకుంది మణీవన్. ఏమీ కాలేదు. పాన్యా రెప్పల కింద కనుగుడ్లు అటూ ఇటూ తిరిగి మళ్లీ కుదురుకున్నాయి. కళ్లు మాత్రం తెరవలేదు. గంట మోగేదాకా తెరవకూడదని టీచరక్క చెప్పింది కదా.

కిటికీలోంచి చూస్తే పెద్ద మేస్టారు అప్పటికే డొల్ల దగ్గరున్నాడు, చేతిలో ఇనపకడ్డీ. గడియారం ఇంకా ఇరవై ఏడే. ఆయన వాచీ ఎప్పుడూ ముందు నడుస్తుంది. కడ్డీ పైకి లేచింది. చాన్‌ఫెంగ్ అంతసేపూ ఆయన్ని వెతికి వెతికి, వెనకనుంచి ఆ చేతికి అమాంతం వేలాడింది. ఆయన విదిలించబోయి, ఆ పిల్ల మొహం చూసి, తర్వాత బడి వైపు చూశాడు. కడ్డీని నేలమీద పడేయలేదు, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు మెల్లగా పెట్టాడు. మూడు నెలలు తనని ఆటపట్టించిన మనిషి మీద ఆ క్షణాన మణీవన్‌కి ఏడుపొచ్చేంత ప్రేమ కలిగింది.

ఆఖరి పిల్ల కూడా గట్టు దాటింది. గదిలో ఇద్దరే మిగిలారు.

పెద్ద మేస్టారు మెట్ల కిందినుంచి చేతులు ఊపుతూ ఆమెని కూడా రమ్మంటున్నాడు. ఏరేవాళ్లు పక్క కొండ మీదే ఉన్నారు, ముప్పావు గంటలో వస్తారు, నువ్వు బయటికొచ్చెయ్ అని గొంతు తగ్గించి పిలిచాడు. వెళ్లొచ్చు. వెళ్తే ఎవరూ తప్పు పట్టరు. తలుపు ఎనిమిది అడుగుల దూరంలో ఉంది, పారిపొమ్మని ఆమె ఒంట్లో ప్రతి నరమూ కొట్టుకుంటోంది. ఆ సంగతి ఆమె తర్వాత ఎవరి దగ్గరా దాచలేదు. ధైర్యంతో ఉండిపోలేదు. వదిలి వెళ్లాక ఆ మోత వినాల్సి వస్తే ఎలా బతకాలో తెలియక ఉండిపోయింది.

పాన్యాకి ఎదురుగా కూర్చుని, తన రెండు చేతులూ ఆ చిన్ని దోసిలి కిందికి పోనిచ్చి ఆనించింది.

"టీచరక్కా," అంది పాన్యా కళ్లు తెరవకుండానే. "గంట కొట్టలే?"

"ఇంకా అవ్వలేదు తల్లీ."

"అందరూ పోతున్నరు. నడకలు వినిపించినయి."

"వాళ్లకి కొంగ నడక. నీకు కూర్చోవడం. నీది అన్నిటికన్నా గుండ్రటి రాయి కదా."

అదే మాట మళ్లీ తన నోట్లోంచి వచ్చేసరికి మణీవన్‌కి తన నాలుక మీద తనకే అసహ్యం వేసింది. పాన్యా మాత్రం చిన్నగా నవ్వింది.

అలా ఎంతసేపో. ఎండ పలక మీంచి పలక మీదికి జరిగింది. పాన్యాకి జలుబు. ముక్కు కారి పైపెదవి దాకా వచ్చింది, తుడవాలంటే ఒక చెయ్యి తీయాలి. మణీవన్ తీయలేదు. ఈగ ఒకటి వచ్చి పిల్ల చెంప మీద వాలి, కంటి మీదికి పాకింది. పాన్యా మొహం ముడుచుకుంది, చేతులు బిగుసుకున్నాయి. మణీవన్ ముందుకు వంగి ఉఫ్‌మని ఊదింది. ఈగ లేచి, తిరిగి వచ్చి, ఈసారి ఆ ఇనుము మీదే వాలింది. అక్కడ తీరుబడిగా కాళ్లు రుద్దుకుంది. దాన్ని తోలే ధైర్యం ఆమెకి లేకపోయింది.

"బరువు," అంది పాన్యా.

"నేను కింద పట్టుకున్నా కదా. నువ్వు ఊరికే ఉంచు, మోయకు."

"టీచరక్కా, నీ చేతులు వణుకుతున్నయి."

"చలి."

పాన్యా కాస్త ఆలోచించింది. తర్వాత అచ్చంగా మణీవన్ గొంతే పెట్టి, రోజూ పొద్దున ఆమె తరగతికి చెప్పే తీరులోనే చెప్పింది: "ఊపిరి చూస్కో. లోపలికి. బయటికి. అంతే, ఇంకేం లేదు."

మూడు నెలలుగా ఈ మాటలు చెబుతూ వచ్చిన మనిషికి ఒక్కనాడూ ఊపిరి నిలకడగా చిక్కలేదు. ఆమె కళ్లు మూసుకుని ఇంట్లో బియ్యం ఎంతున్నాయో, వర్షాకాలానికి కప్పు మార్చాలో వద్దో లెక్క వేసుకునేది. ఇవాళ ఆరేళ్ల పిల్ల చెబితే లోపలికి తీసుకుంది, బయటికి వదిలింది. చేతులు కొద్దిగా కుదుటపడ్డాయి. భయం తగ్గిందని కాదు. భయం గుండెలో ఎక్కడుందో అక్కడే ఉంది.

మెట్ల మీద అలికిడి అయింది. నలభై ఏళ్లు దాటిన, భుజాలు వెడల్పాటి ఆడమనిషి బూట్లు విప్పేసి ఉత్తి కాళ్లతో లోపలికి వచ్చింది. ఛాతీ మీద బరువైన కవచం, మొహానికి అద్దం. చంకలో ఇసక నింపిన వెదురుబుట్ట. ఫెత్‌సమోన్ పద్దెనిమిదేళ్లుగా బొంబీలు ఏరుతోంది. ఆ చుట్టుపక్కల ఆమెని ఎరగనివాళ్లు లేరు. దగ్గరికొచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, అద్దంలోంచి చాలాసేపు చూసింది.

"మా పుస్తకంలో దీనికి పాఠం లేదు చెల్లీ," అంది చివరికి, కూరగాయల బేరం మాట్లాడుతున్నంత మామూలుగా. "పుస్తకంలో అది నేల మీద ఉంటది, మనుషులు దూరంగా ఉంటరు. ఎంతసేపైంది?"

"గంటన్నా అయ్యుంటుంది. కొండమీద నుంచి పొట్ట దగ్గర పెట్టుకుని మోసుకొచ్చింది."

"అయితే ఇది కొంచెం మంచిదే. మంచిదని నమ్మకూడదు అంతే." బుట్టని పాన్యా మోకాళ్లకి ఆనించి పెట్టింది. "ఇప్పుడు నీ చేతులు తియ్యి. నా చేతులు అక్కడికి రావాలి. తీసి బయటికి పో."

"నేనుంటాను అక్కా."

"ఉండి ఏం చేస్తవ్? చచ్చేందుకు ఇద్దరం చాలు. పో."

పాన్యా కనుబొమలు దగ్గరికొచ్చాయి. "టీచరక్కా, ఎవరు?"

"ఇంకో అక్క. నీ రాయి చూడ్డానికి వచ్చింది. ఆమె చెప్పినట్టు చెయ్యి."

వేలు తర్వాత వేలు వెనక్కి లాక్కుంది మణీవన్. ఒక్కొక్క వేలు తీస్తుంటే పాన్యా దోసిలి బరువు పిసరంత కిందికి దిగుతోంది, ఆ దిగినచోటికి ఫెత్‌సమోన్ వేళ్లు వచ్చి చేరుతున్నాయి. ఆఖరి వేలు తీసేటప్పుడు పాన్యా గొంతు తగ్గించి "పోకు" అంది. మణీవన్ వెళ్లింది. ఎలా వెళ్లిందో, మెట్లు ఎలా దిగిందో ఆమెకి గుర్తులేదు.

గట్టు వెనక మట్టిలో మొహం దూర్చి పడుకుంది. అవతల గుడి సావట్లో పిల్లల్ని కూర్చోబెట్టారు, ఒక్కరి నోట్లోంచీ మాట లేదు. పాన్యా నాయనమ్మని ఎవరో పట్టుకుని ఆపుతున్నారు, ఆవిడా అరవడం లేదు. బడి లోంచి చప్పుడు లేదు. మూడు నెలలుగా మణీవన్ ఈ నిశ్శబ్దం కోసమే పిల్లల్ని బతిమాలింది, బుజ్జగించింది, ఎర్ర మెత్త ఆశపెట్టింది. చీమ చిటుక్కుమన్నా వినపడాలి అనేది. ఇప్పుడు నిజంగానే అలాంటి నిశ్శబ్దం వచ్చింది. ఆమె ఆ నిశ్శబ్దాన్ని చెవుల్లోంచి పీకి పారేయాలన్నంతగా అసహ్యించుకుంది. ఎవరైనా ఏడిస్తే బావుణ్ణు, ఒక కుక్క మొరిగితే బావుణ్ణు. ఊపిరి లెక్కపెట్టింది. ముప్పై ఒకటి దాకా లెక్కపెట్టి మర్చిపోయి మళ్లీ మొదలుపెట్టింది.

"టీచరూ!" ఫెత్‌సమోన్ గొంతు. "పిల్ల కళ్లు తెరవనంటంది. వచ్చి చెప్పుకో."

ఆమె అప్పటికే బుట్టని రెండు చేతుల మీదా పెట్టుకుని, మెట్లు దిగి, ఎదురుగా ఖాళీ మడిలోకి నడిచిపోతోంది. ఇసకలో కూరుకుని ఆ గుండ్రటిది ఉంది. మణీవన్ దానివైపు చూడకుండా పరిగెత్తింది.

పాన్యా అలాగే కూర్చుని ఉంది. దోసిలి ఖాళీ, వేళ్లు మాత్రం ఇంకా దేన్నో మోస్తున్నట్టే వంగి ఉన్నాయి. కళ్లు బిగించే మూసుకుని ఉంది. అయిపోయింది తల్లీ, తెరువు అంటే తల అడ్డంగా ఊపింది. గంట కొట్టలేదంది. మణీవన్ దగ్గరికి లాక్కుని హత్తుకుంది, బతిమాలింది, ముక్కు తుడిచింది. గంట కొట్టలేదంది. చివరికి కిటికీలోంచి పెద్ద మేస్టారుకి సైగ చేసింది. ఆయన కడ్డీ తీసుకుని డొల్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. రోజూ చెవులు చిల్లులు పడేలా బాదే మనిషి ఆ రోజు ఒక్కసారి, వేలితో తట్టినట్టు తట్టాడు.

పాన్యా కళ్లు తెరిచింది. ముందు టీచరుని చూసి నవ్వింది. తర్వాత దోసిట్లోకి చూసుకుంది. నవ్వు ఆగిపోయింది.

"నా రాయి ఏది?" అంది. "టీచరక్కా, ఆ అక్క నా రాయి ఎత్తుకపోయింది."

అని వెక్కివెక్కి ఏడ్చింది. తనకు దొరికినవాటిల్లో అంత గుండ్రటిది ఇంకోటి లేదట. నిన్నంతా తవ్వితే దొరికిందట. మణీవన్ ఆ పిల్లని ఒళ్లో పెట్టుకుని తనూ ఏడ్చింది. ఇద్దరి ఏడుపులూ వేరు, అయినా కలిసే ఏడ్చారు.

మధ్యాహ్నం దాన్ని అక్కడే మడిలో పేల్చారు. అందరినీ కొండవాలు దాకా పంపించి, ముందే చెప్పి, లెక్కపెట్టి పేల్చారు. అయినా ఆ మోతకి చాన్‌ఫెంగ్ నేలమీద బోర్లా పడింది. బడి రేకు కప్పులో నాలుగుచోట్ల చిల్లులు పడ్డాయి. గది మడికి అరవై అడుగుల దూరంలో ఉంది. మణీవన్ ఆ చిల్లుల్ని తలెత్తి చూసి, మళ్లీ చూడలేకపోయింది.

పాన్యా నాయనమ్మ అప్పుడు మణీవన్ దగ్గరికొచ్చింది. పొట్టి మనిషి, నల్ల తలపాగా, మోకాళ్ల దాకా మట్టి. తిట్టలేదు. వచ్చీరాని లావోలో, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ అడిగింది:

"పిల్ల నిన్న పొద్దుగూకే దాకా అల్లం తోటలో తవ్వింది. ఎందుకే అంటే టీచరక్కకి గుండ్రటిది కావాలంది. నీకెందుకమ్మా గుండ్రటిది?"

మనసు నిలవడానికని చెప్పాలా? మణీవన్ తల దించుకుని నిలబడింది. ముసలామె మనవరాలి చెయ్యి పట్టుకుని కొండదారి పట్టింది.

మర్నాడూ ఆ మర్నాడూ బడి తెరవలేదు. ఏరేవాళ్లు అల్లం తోటంతా తడిమి ఇంకో మూడు తీశారు. ఎర్ర మెత్తని మణీవన్ పొయ్యిలో వేసింది. పిల్లలు తెచ్చిన రాళ్లన్నిటినీ ఒక్కొక్కటీ వెలుతుర్లో తిప్పి చూసి, చూసినవాటినే మళ్లీ చూసి, ఏట్లో పడేసి రావడానికి రెండు కొండలు దాటి వెళ్లింది. ఇక ఈ కూర్చోవడాలూ వద్దు, నిశ్శబ్దాలూ వద్దు, పొద్దున్నే ఎక్కాలు అరిపిస్తే చాలనుకుంది. ఆశ్చర్యంగా పెద్ద మేస్టారే ఒప్పుకోలేదు. ఆయన గొంతులో వేళాకోళం లేదు. "ఆ పొద్దున వాళ్లకి కూచోడం రాకపోతే ఏమయ్యేదో ఆలోచించావా?" అన్నాడు. ఆలోచించింది. రెండు రాత్రులుగా అదే ఆలోచిస్తోంది. రాయి తెమ్మనకపోతే అసలేమీ అయ్యేది కాదని కూడా ఆలోచిస్తోంది. రెండూ నిజమే కావడం ఆమెకి మింగుడుపడలేదు.

గురువారం పొద్దున పాన్యా వచ్చింది, వెనకాల నాయనమ్మ. ముసలామె బడి మెట్ల దగ్గర చిన్న గిన్నెలో బియ్యం, దానిమీద గుడ్డు పెట్టి, అగరుపుల్ల వెలిగించి, గది వైపు తిరిగి మోంగ్ మాటల్లో పిలిచింది. బెదిరిన మనిషి ప్రాణం బెదిరినచోటే జారిపోతుంది, దాన్ని పేరుపెట్టి పిలిచి ఇంటికి తీసుకుపోవాలని వాళ్ల నమ్మకం. పాన్యా మణికట్టుకి తెల్ల దారం కట్టింది. తర్వాత మణీవన్‌ని వేలితో రమ్మని, ఆమె చెయ్యి కూడా లాక్కుని ఇంకో దారం కట్టింది.

"నీది కూడా అక్కడే పడిపోయుంటది," అంది.

పిల్లలు వరసల్లో కూర్చున్నారు. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది, అందరూ ఖాళీ చేతులు దోసిలి పట్టి ముందుకు చాపారు. మణీవన్ మొదటి పిల్ల దగ్గర మొదలుపెట్టి, ప్రతి దోసిట్లోకీ వంగి చూసింది. చూడ్డం చాలక తన వేళ్లతో తడిమింది. ఇరవై ఏడు జతల చేతులు. చాన్‌ఫెంగ్ చేతులు చల్లగా ఉన్నాయి. పాన్యా దగ్గరికొచ్చేసరికి ఆ చిన్ని వేళ్లు అప్పటిలాగే వంగి, దేన్నో జాగ్రత్తగా మోస్తున్నాయి.

"టీచరక్కా," అంది పాన్యా, "నేను కళ్లు మూసుకోను."

"మూసుకోకు."

"నువ్వు?"

"నేనూ మూసుకోను."

అది విని పక్కవాడు మూసుకున్న కళ్లు తెరిచాడు, వాడి వెనకవాడు తెరిచాడు. అలా గదంతా కళ్లు తెరిచి, ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ, ఒక్క మాట లేకుండా ఇరవై నిమిషాలు కూర్చున్నారు. కప్పు చిల్లుల్లోంచి పడ్డ నాలుగు ఎండచుక్కలు నేలమీద జరుగుతుంటే అందరి కళ్లూ వాటితో పాటు జరిగాయి. ఎనిమిదిన్నరకి పెద్ద మేస్టారు గంట కొట్టాడు. అందరూ లేచి బంతి కోసం తలుపు దగ్గర కుమ్ముకున్నారు. పాన్యా మాత్రం ముందు తన దోసిట్లోకి చూసుకుని, ఖాళీగానే ఉందని తేల్చుకుని, అప్పుడు లేచింది.